చెరువు నీటిలో కలరా క్రిములను పట్టే పీసీఆర్ కిట్: వాడి చూసిన మీదట

సహజ జలాల్లో విబ్రియో కలరేను గుర్తించేందుకు ఉద్దేశించిన ఒక రియల్ టైమ్ పీసీఆర్ (డీఎన్ఏను చక్రం తర్వాత చక్రంగా రెట్టింపు చేస్తూ, ఆ పెరుగుదలను అప్పటికప్పుడే చూపే పద్ధతి) కిట్‌ను మా ప్రయోగశాలలో కొన్ని నెలలుగా నది, చెరువు నీళ్లపై వాడుతున్నాం. ఈ జాతిలోని బ్యాక్టీరియా అంతా కలరా తెచ్చేది కాదు కనుక, జాతిని తెలిపే ఓఎంపీడబ్ల్యూ జన్యువును, కలరా విషానికి మూలమైన సీటీఎక్స్‌ఏ జన్యువును ఒకే ట్యూబులో వేర్వేరుగా చూపించే ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

అంతకంటే విలువైనది ఇందులోని అంతర్గత కంట్రోల్, అంటే పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో తెలిపే ఏర్పాటు. వాన వెలిశాక తెచ్చిన ఒక బురదనీటి నమూనాలో రెండు జన్యువులూ కనిపించలేదు; అయితే కంట్రోల్ రేఖ కూడా లేవలేదు. అంటే క్రిములు లేవని కాదు, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు డీఎన్ఏ ప్రతులను తయారుచేసే పాలిమరేజ్ ఎంజైమును పని చేయనివ్వలేదని అర్థం. డీఎన్ఏ ద్రావణాన్ని 10 రెట్లు పలుచన చేసి మళ్లీ నడిపితే కంట్రోలూ లేచింది, ఓఎంపీడబ్ల్యూ కూడా బయటపడింది. ఇంత ముఖ్యమైన జాగ్రత్త సూచనల పత్రంలో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నన్ను బాధించింది.

ఒక్కో ట్యూబులో 10 జన్యు ప్రతులున్నా పట్టగలదని ఆ పత్రం చెబుతుంది. లీటరు నీటిని 0.45 మైక్రాన్ల పొర గుండా వడగట్టి, డీఎన్ఏను 100 మైక్రోలీటర్లలోకి తీసి, అందులో 5 మైక్రోలీటర్లు మాత్రమే ట్యూబులో వేస్తాం. కాబట్టి దారిలో నష్టమేమీ జరగలేదనుకున్నా, లీటరుకు సుమారు 200 క్రిములు ఉంటే తప్ప ఆ హామీ నిలవదు.

చచ్చిన క్రిముల డీఎన్ఏను కూడా ఈ కిట్ లెక్కలోకి తీసుకుంటుంది. అలాగని కల్చర్‌నే, అంటే క్రిములను పళ్లెంలో పెంచి చూసే పద్ధతినే, నమ్ముకోలేం. బతికే ఉండి పళ్లెంలో పెరగని స్థితికి ఈ బ్యాక్టీరియా చేరుకుంటుందని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం 1982లోనే చూపింది. అందుకే మేము నమూనాలో కొంత భాగాన్ని ఈ క్రిములు పెరిగేందుకు తోడ్పడే ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో 6 గంటలు ఉంచి, ముందూ తరువాతా రెండుసార్లు పరీక్షిస్తున్నాం. సంకేతం సుమారు 3.3 చక్రాలు ముందుగా వస్తే జన్యు ప్రతులు 10 రెట్లు పెరిగాయన్న మాట. చచ్చిన క్రిములు అలా పెరగవు. ఈ అదనపు పనికి సిద్ధపడే ప్రయోగశాలలకు ఈ కిట్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. వడగట్టే పరికరాలు లేనివారు మాత్రం ముందుగా వాటినే సమకూర్చుకోవాలి.