శాటిన్ లైనింగ్ ఉన్ని టోపీ: గుడ్డ బంగారం, కుట్టు మాత్రం కాదు

మామూలు ఉన్ని టోపీ బిగుతు రింగుల జుట్టును ఏం చేస్తుందో ఆ జుట్టు ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే నేరుగా అసలు సంగతికి వస్తాను. లోపల శాటిన్ గుడ్డ వేసిన అల్లిక టోపీని చాలాకాలంగా వాడుతున్నాను. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చికాగో, టొరంటో వైపు ఎప్పుడు వెళ్లినా నెత్తిన అదే. చలికాలం సంచీలో ఒక్క వస్తువుకే చోటుందంటే, క్రీములూ నూనెలూ పక్కన పెట్టి దీన్నే పెట్టుకుంటాను. దీని లోపలి గుడ్డ అంత బాగా పనిచేస్తుంది.

రింగు తిరిగిన ప్రతిచోటా వెంట్రుక బలహీనంగానే ఉంటుంది. మాడు మీది నూనె అన్ని మలుపులూ దాటి చివరిదాకా జారదు కాబట్టి చివర్లు ఎప్పుడూ ఎండుగానే ఉంటాయి. ఉన్ని, యాక్రిలిక్ అల్లికల్లోని నూగు ఆ మలుపుల్లో చిక్కుకుంటుంది. టోపీ పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ చిన్న చిన్న ముక్కలు తెగి కోటు కాలరు మీద రాలుతాయి. శాటిన్ మీద జుట్టు జారిపోతుంది, పట్టుకోవడానికి అక్కడ నూగు ఉండదు. పేనుకున్న పాయల చివర్లు సాయంత్రానికీ పేనినట్టే ఉంటాయి. జుట్టుకు శాటిన్ తొడుగు అన్న ఈ పద్ధతిని తరాలుగా కాపాడుకుంటూ వచ్చింది అమెరికాలోని నల్లజాతి మహిళలు. మన దగ్గర బిగుతు రింగుల జుట్టువాళ్లం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

చలి ఊళ్లలో జుట్టును పాడుచేసేది చలి ఒక్కటే కాదు, హీటరు వేసిన గది కూడా. మైనస్ 10 డిగ్రీల గాలి ఎంత తేమ నింపుకున్నా, ఘనమీటరుకు రెండున్నర గ్రాములకు మించి నీటి ఆవిరి అందులో ఉండదు. ఆ గాలినే గదిలో 22 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 12 శాతం దగ్గరికి పడిపోతుంది. విమానంలోనూ ఇంచుమించు అంతే, 10 నుంచి 20 శాతం. అందుకే విశాఖలో జుట్టును మెత్తగా ఉంచే గ్లిసరిన్ క్రీము అక్కడ పనిచేయదు. గ్లిసరిన్ చుట్టూ ఉన్న గాలిలోంచి తేమను లాక్కోవాలి, లాక్కోవడానికి ఆ గాలిలో ఏమీ ఉండదు. జుట్టు జిగటగా, గరుకుగా తయారవుతుంది. లంబసింగి చలి వేరు. అక్కడ పొగమంచు ఉంటుంది, తేమ పుష్కలం, ఆ క్రీమే చక్కగా పనిచేస్తుంది.

టోపీ కింద జుట్టు ఎలా ఉండాలన్నదాని మీద సగం ఫలితం ఆధారపడుతుంది. బయటికి వెళ్లే ముందురోజు రాత్రే తలస్నానం కావాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు, తడిగా ఉన్నప్పుడే రెండు టీస్పూన్ల లీవ్-ఇన్ కండిషనరు (కడగకుండా జుట్టుకే వదిలేసేది), ఆపైన అర టీస్పూను నూనె. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందే గడ్డకడుతుంది కాబట్టి ప్రయాణానికి పనికిరాదు, నువ్వులనూనె ద్రవంగానే ఉంటుంది. తర్వాత పన్నెండు నుంచి పదహారు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని రెండు పాయలుగా తాడులా పేనాలి. చివర్లను వేలికి చుట్టి వదలాలి. పూర్తిగా ఆరాకే టోపీ. సగం తడి జుట్టు మీద పెడితే లోపల గంటల తరబడి ఆరదు, వాసన పడుతుంది. టోపీ లేకుండా తడిజుట్టుతో బయటికెళ్తే పాయలు గడ్డకట్టి బిరుసెక్కుతాయి. అప్పుడు వంచితే విరుగుతాయి. ఇక్కడి నుంచి హెయిర్ డ్రయ్యరు తీసుకెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి: మన 230 వోల్టుల డ్రయ్యరు అక్కడి 120 వోల్టుల్లో నాలుగో వంతు వేడే ఇస్తుంది. ఒత్తు జుట్టు దానితో ఆరదు. పేనిన పాయలన్నీ మెడ దగ్గర కిందికి ముడి వేయాలి. నడినెత్తిన వేస్తే టోపీ పైకి తన్నుకొచ్చి చెవులు బయటపడతాయి.

ఇక కుట్టు సంగతి. టోపీ కొత్తగా ఉన్నన్నాళ్లూ ఏ లోపమూ కనబడదు. కొన్నాళ్లు వాడాక వెనకవైపు, మెడ దగ్గర, లైనింగును అల్లికకు కలిపే కుట్టు నాలుగు వేళ్ల మేర తెగింది. తెగినచోట గుడ్డ పైకి చుట్టుకుపోయి నడినెత్తిన ఉండలా చేరింది. పేనిన పాయల చివర్లు లైనింగుకూ అల్లికకూ మధ్య సందులో దూరాయి. అలాంటప్పుడు టోపీని లాగితే, శాటిన్ ఏ చివర్లను కాపాడుతోందో సరిగ్గా అవే తెగుతాయి. మామూలు టోపీ వల్ల అయ్యే నష్టం కన్నా ఇది ఎక్కువ. ఇలా ఇరుక్కుంటే లాగకుండా, ముందువైపు నుంచి అంచును తిరగేసి, వేళ్లు లోపలికి పోనిచ్చి ఒక్కో పాయనూ విడిపించాలి.

కారణం కోత దగ్గర ఉంది. అల్లిక సాగుతుంది, శాటిన్ నేత గుడ్డ కాబట్టి సాగదు. పెట్టుకోకముందు టోపీ చుట్టుకొలత 46 సెంటీమీటర్లు, నా తల 57. ముడితో కలిపితే వెనకవైపు ఇంకా ఎక్కువ సాగాలి. తయారీదారు గుడ్డను నిలువు దారాన కోసి, తలకు సరిగ్గా సరిపోయేంతే పెట్టి, మామూలు తిన్నని మిషన్ కుట్టు వేశాడు. టోపీ పెట్టిన ప్రతిసారీ లాగుడంతా ఆ దారం మీదే పడుతుంది. తిన్నని కుట్టుకు సాగే గుణం లేదు, తెగక ఏం చేస్తుంది? రాసిందే మళ్లీ రాసినట్టు, అదే కుట్టు వేయించుకుంటే అక్కడే మళ్లీ తెగుతుంది.

బాగుచేయడం కష్టం కాదు. మ్యాచింగ్ సెంటర్లో 44 అంగుళాల పన్నా శాటిన్ అర మీటరు చాలు. 34 సెంటీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు ఉన్న రెండు ముక్కలు కావాలి. వాటిని క్రాస్‌లో, అంటే నేత దారాలకు ఏటవాలుగా కోయాలి, జాకెట్టు ముందుభాగం క్రాస్ కట్ చేసినట్టే. క్రాస్‌లో నేత గుడ్డ కూడా కొంత సాగుతుంది. పైఅంచు గుండ్రంగా తీసి, సెంటీమీటరు వదిలి రెండింటినీ కలిపితే 64 సెంటీమీటర్ల చుట్టు వస్తుంది. మెరిసే నున్నటి వైపు జుట్టుకు తగలాలి, కుట్టు అంచులు అల్లిక వైపు ఉండాలి. పాత లైనింగు విప్పేసి, కొత్తదాన్ని నడినెత్తి దగ్గర సెంటీమీటరు వదులు దారంతో ఒక్కచోట పట్టించాలి. బిగించి కుడితే అక్కడ మళ్లీ చిరుగు మొదలవుతుంది. అంచు దగ్గర మిగిలిన గుడ్డను సన్నని కుచ్చిళ్లుగా సర్దాలి. తర్వాత జిగ్‌జాగ్ కుట్టు. చీరలకు ఫాల్, పీకో చేసే షాపులో ఆ మిషన్ ఉంటుంది. టోపీ అంచును తల కొలతకు సాగదీసి పట్టుకునే కుట్టమనాలి, పాలియెస్టర్ దారమే వాడమనాలి. చేత్తో అయితే ఇంటూ మార్కుల్లా అడ్డంగా వేసుకుంటూ పోతే అదీ సాగుతుంది.

అలా కుట్టించాక మళ్లీ తెగలేదు. ఆ పనిలోనే లైనింగును టోపీ అంచు మడత దాటి రెండు వేళ్లు కిందికి దించాను. కొన్నప్పుడు గుడ్డ సరిగ్గా మడత దగ్గర ఆగిపోయేది. టోపీ కాస్త జరిగితే అల్లిక నేరుగా నుదుటి మీది లేత జుట్టుకు రాసుకునేది. జుట్టు ముందుగా పలచబడేది అక్కడే.

పైన గుడ్డను అంతగా మెచ్చుకున్నాను కదా, దానికి కొంచెం సవరణ ఉంది. ఈ టోపీల్లో శాటిన్ అంటే దాదాపు ఎప్పుడూ పాలియెస్టరే. అది తేమను అర శాతం కూడా పీల్చదు. జుట్టులోని తేమ జుట్టులోనే ఉండటానికి కారణం అదే, పొడి గదిలో టోపీ తీయగానే రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి పైపొర వెంట్రుకలు లేవడానికీ కారణం అదే. అరచేతులకు చుక్క లీవ్-ఇన్ రాసి పైపైన నిమిరితే దిగుతాయి. పట్టు గుడ్డ వేస్తే ఈ బాధ తక్కువ. కానీ పట్టు 11 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, జుట్టు నూనెనూ పీలుస్తుంది, చేత్తోనే ఉతకాలి. జరీ ఉన్న ముక్క మాత్రం వద్దు. ఇంకోటి, నున్నటి గుడ్డ కాబట్టి గాలి గట్టిగా వీస్తే టోపీ వెనక్కి జారుతుంది. చికాగోలో సరస్సు పక్కన నడిస్తే పైనుంచి కోటు హుడ్ కూడా వేసుకోక తప్పదు. రైల్లో, మాల్లో తీసేయాలి, లేకపోతే మాడు చెమట పట్టి, బయటికి రాగానే ఆ తడికి చలి తగులుతుంది.

గుడ్డకు నూనె పడుతుంది కాబట్టి వారానికోసారి చన్నీళ్లలో కాస్త షాంపూతో ఉతికి, పరిచి ఆరబెట్టాలి. హోటల్లో బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు మిషన్లో వేస్తే యాక్రిలిక్ అల్లిక ఆకారం పోతుంది.

కొనమంటానా అంటే, నా లెక్క ఇది: భుజాల దాకా జుట్టు, వారానికోసారి తలస్నానం, పొడి చలిలో రోజూ రెండు మూడు గంటలు బయట. ఇలాంటివాళ్లకు కొనమనే చెబుతాను, కుట్టు మార్పించుకునే ఓపిక ఉంటేనే. నడుం దాకా ఒత్తు జుట్టున్నవాళ్లకు ఈ లోతు చాలదు, శాటిన్ బానెట్ (జుట్టంతా కప్పే వదులు గుడ్డ టోపీ) మీద వదులు హుడ్ వాళ్లకు నయం. కొనేచోట టోపీని తిరగేసి, అంచును రెండు చేతులతో తలంత సాగదీసి చూడండి. కుచ్చిళ్లు విప్పుకుంటూ గుడ్డ కూడా వస్తే మంచిదే. గుడ్డ ముందే బిగుసుకుని దారం చిటపటమంటే, దాన్ని అక్కడే పెట్టేసి ఇంకోటి చూడండి.