జాంగో మెసేజెస్: తీస్తే మాయం

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, పని అయ్యాక యూజర్‌కు చిన్న కబురు చూపించే భాగం మెసేజెస్. దాని మీద నా ఫిర్యాదు ఒక్కటే. మెసేజ్‌ను ఒకసారి బయటికి తీస్తే పోయినట్టే. తీసింది మనిషి కోసమా, వెనకాల నడిచే స్క్రిప్ట్ కోసమా అన్నది దానికి అనవసరం. పేజీ హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేసే టెంప్లేట్‌లో, మెసేజ్‌లను ఒక్కొక్కటిగా తీసే ఫర్ లూప్ తిరిగిందంటే చాలు, యూజర్ చదివేశాడని లెక్క రాసేసుకుంటుంది.

మామూలు పేజీల్లో ఈ సంగతి తెలియనే తెలియదు. ఫారం సేవ్ అవుతుంది, 302తో (వేరే పేజీకి వెళ్లమనే రీడైరెక్ట్ కోడ్) ఇంకో పేజీకి వెళ్తుంది, అక్కడ పచ్చ పట్టీ కనిపిస్తుంది. 2010లో 1.2 వెర్షన్‌తో వచ్చినప్పటి నుంచీ వాడే పద్ధతి పెద్దగా మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు. లాగిన్ కాని వాళ్లకూ పనిచేస్తుంది. సక్సెస్‌మెసేజ్‌మిక్సిన్ అనే రెడీమేడ్ క్లాస్ తగిలిస్తే వ్యూలో (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్) ఒక్క లైనుతో సరి. బూట్‌స్ట్రాప్ అనే సీఎస్ఎస్ లైబ్రరీ వాడేవాళ్లు ఎర్రర్ ట్యాగ్‌ను డేంజర్‌గా మార్చుకోవాలి, లేదంటే ఎర్ర రంగు రాదు. సెటప్ గురించి ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

తంటా అంతా ఫారాన్ని ఫెచ్‌తో, అంటే పేజీ మారకుండా జావాస్క్రిప్ట్ ద్వారా, పంపడం మొదలుపెట్టాకే. వ్యూ ఎప్పటిలాగే మెసేజ్ పెట్టి రీడైరెక్ట్ చేస్తుంది. ఫెచ్ మనకు చెప్పాపెట్టకుండా ఆ రీడైరెక్ట్ వెంట తనే వెళ్తుంది. సర్వర్ కొత్త పేజీ మొత్తం తయారుచేస్తుంది, బేస్ టెంప్లేట్‌లో లూప్ తిరుగుతుంది, మెసేజ్ ఆ హెచ్‌టీఎంఎల్‌లో చేరుతుంది. జావాస్క్రిప్ట్ ఆ హెచ్‌టీఎంఎల్‌ను పారేసి, యూఆర్ఎల్ మాత్రం తీసుకుని బ్రౌజర్‌ను అక్కడికి పంపుతుంది. అదే పేజీ రెండోసారి వస్తుంది, పట్టీ లేకుండా. డేటా సేవ్ అయినట్టు యూజర్‌కు కబురు అందదు. మళ్లీ నింపి నొక్కుతాడు, రికార్డులు రెండవుతాయి.

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగ్ చెరిగిపోకుండా పెట్టుకుని చూస్తే బండారం బయటపడుతుంది. మొదటి వరుస పోస్ట్, 302, సెట్-కుకీలో (బ్రౌజర్‌లో దాచమని సర్వర్ పంపే చిన్న డేటా) మెసేజెస్ పేరుతో పొడవాటి విలువ. రెండోది గెట్, 200, అదే కుకీ ఖాళీగా, మ్యాక్స్-ఏజ్ 0, అంటే చెరిపేయమని. మూడోది మళ్లీ గెట్, 200, ఆ కుకీ ఊసే ఉండదు. రెండో వరుస రెస్పాన్స్ తెరిచి వెతికితే "వివరాలు సేవ్ అయ్యాయి" అన్న వాక్యం అక్కడ భద్రంగా ఉంటుంది, ఎవరూ చూడని చోట. సర్వర్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ ఉండదు. టెస్టులూ పాసవుతాయి. జాంగో 5.0లో టెస్టుల కోసం వచ్చిన అసర్ట్‌మెసేజెస్ మంచిదే గానీ, మెసేజ్ పెట్టారా లేదా అన్నంత వరకే చూస్తుంది, దాన్ని మధ్యలో ఎవరు మింగారో చూడదు.

ఫెచ్‌లో రీడైరెక్ట్‌ను మాన్యువల్ చేస్తే (దాని వెంట వెళ్లొద్దంటే) సరిపోతుందనుకుంటారు. సరిపోదు, అప్పుడు కొత్త యూఆర్ఎల్ ఉండే లొకేషన్ హెడర్ జావాస్క్రిప్ట్‌కు కనపడదు. ఫెచ్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌కు వ్యూ రీడైరెక్ట్ ఇవ్వడమే మానేయాలి. వెళ్లాల్సిన యూఆర్ఎల్‌ను జేసన్‌లో (జావాస్క్రిప్ట్ సులువుగా చదివే డేటా రూపం) 200తో పంపితే మెసేజ్ ముట్టకుండా ఉండి తర్వాతి పేజీలో కనిపిస్తుంది. ఇలాంటి రిక్వెస్ట్‌లను గుర్తుపట్టడానికి ఉన్న ఈజ్_ఏజాక్స్‌ను జాంగో 4.0లో తీసేశారు కాబట్టి ఫెచ్‌ను గుర్తుపట్టడానికి సొంత హెడర్ ఒకటి పెట్టుకోవాలి. అదే పేజీలో ఉండిపోయే పనైతే మెసేజ్‌లను బయటికి తీసే గెట్_మెసేజెస్ లూప్‌ను వ్యూలోనే తిప్పి, లెవల్, పాఠం రెండూ జేసన్‌లో పెట్టాలి. ఇది మర్చిపోతే గొడవ తిరగబడుతుంది: అరడజను "సేవ్ అయ్యాయి"లు పోగుపడి, ఎప్పుడో సంబంధం లేని పేజీలో ఒకేసారి ఊడిపడతాయి.

టెంప్లేట్‌లో ఇఫ్ మెసేజెస్ అని అడగడం, లెంగ్త్ చూడటం వల్ల ఏమీ చెరగదు, దోషమంతా ఫర్‌దే. డీబగ్ కోసం వ్యూలో లిస్ట్ చేసి ప్రింట్ చేసినా లూప్ తిరిగినట్టే. ఆపైన రీడైరెక్ట్ చేస్తే మెసేజ్ గల్లంతు. ప్రింట్ తర్వాత మెసేజ్ స్టోరేజ్‌లోని యూజ్‌డ్ (చదివేశారన్న గుర్తు) విలువను ఫాల్స్ చేస్తే నిలుస్తుంది.

పేజీలో ముక్కలను మాత్రమే మార్చే హెచ్‌టీఎంఎక్స్ లైబ్రరీ వాడేవాళ్లు మిడిల్‌వేర్‌లో (ప్రతి రెస్పాన్స్‌నూ బయటికి వెళ్లేముందు తాకే కోడ్) మెసేజ్‌లను హెచ్ఎక్స్-ట్రిగర్ హెడర్‌లో పెడితే పని సాఫీగా జరుగుతుంది, 3తో మొదలయ్యే రెస్పాన్స్‌లను వదిలేస్తే. తెలుగు మెసేజ్ అయితే ఇంకో మెలిక. జేసన్ తయారుచేసే డంప్స్ ఫంక్షన్‌లో ఎన్ష్యూర్_ఆస్కీని (తెలుగు అక్షరాలను ఎస్కేప్‌లుగా మార్చే సెట్టింగ్) ఫాల్స్ చేయకూడదు. చేస్తే జాంగో ఆ హెడర్‌ను మైమ్ పద్ధతిలో (ఈమెయిల్ హెడర్ల తరహాలో) ఎన్‌కోడ్ చేసేస్తుంది, అటువైపు జేసన్ విప్పుకోదు.

ముందు కుకీ, చోటు చాలకపోతే సెషన్ (సర్వర్ వైపు దాచే యూజర్ డేటా) అనే డిఫాల్ట్ స్టోరేజ్ నాకు ఇప్పటికీ ఇష్టమే, డేటాబేస్ జోలికి పోదు కదా. కాకపోతే కుకీకి ఇచ్చింది 2048 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తు, గుడులూ కొమ్ములూ సహా, ఆరేసి అక్షరాల ఎస్కేప్‌గా మారి ఆ తర్వాత కుదించబడుతుంది. ఇంగ్లిష్‌లో కుకీలో ఇమిడే జాబితా తెలుగులో సెషన్‌లోకి ఒలుకుతుంది, సెషన్ డేటాబేస్‌లో ఉంటే పోదన్న చోటికే పోయినట్టు. పైగా రెండు ట్యాబ్‌ల రిక్వెస్ట్‌లు ఒకేసారి వెళ్తే ఈ ట్యాబ్ మెసేజ్ ఆ ట్యాబ్‌లో తేలొచ్చు. ఆ మాట డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు.

నా అప్లికేషన్లలో ముప్పావు వంతు పాత పద్ధతి ఫారాలే, అందుకే దీన్ని వదల్లేదు. ప్రతి బటనూ ఫెచ్‌తో నడిచే చోట మాత్రం లాగిన్, లాగౌట్, పాస్‌వర్డ్ మార్పు లాంటి పూర్తి పేజీ మారే పనులకే మెసేజెస్ ఉంచి, మిగతా వాక్యాలన్నీ జేసన్‌లోనే పంపుతున్నాను.