అప్పీలుకి లీగల్ సెల్ ఇచ్చిన ఉచిత లాయర్: నా రేటింగ్ 5కి 4

2019లో మా తమ్ముడికి హత్య కేసులో యావజ్జీవం పడింది. ఉన్న అరెకరం అప్పటికే కింది కోర్టు ఖర్చులకి అమ్మేశాం. హైకోర్టు అప్పీలుకి చేతిలో రూపాయి లేక న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లాం, అదే మనవాళ్లు లీగల్ సెల్ అంటారే, అది. ఏ జిల్లానో రాయను, తమ్ముడిని గుర్తుపడతారు.

ఆదాయ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలేమోనని టెన్షన్ పడ్డాను గానీ 1987 చట్టం ప్రకారం జైల్లో ఉన్న మనిషికి ఆదాయం ఎంతని అడగరు. దరఖాస్తు జైలు నుంచే వెళ్లింది. ఫీజు, టైపింగ్, కాపీలు దేనికీ మేం పైసా కట్టలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మొదట కేటాయించిన లాయరు నాలుగు నెలలు ఫైలే తెరవలేదు. హైకోర్టులో అప్పీలుకి గడువు 60 రోజులు, అది దాటిపోయి ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేయాల్సొచ్చింది. లాయరును మార్చమని కాగితం రాసిస్తే మార్చారు, ఆ సంగతి ముందే తెలిస్తే బాగుండేది.

రెండో లాయరు మేడమ్ మాత్రం సాక్షుల వాంగ్మూలాలన్నీ అక్షరం వదలకుండా చదివారు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడన్న మాట సాక్ష్యంగా చెల్లదు, దాని వల్ల వస్తువేదైనా దొరికితే ఆ ముక్క వరకే చెల్లుతుంది (పాత ఎవిడెన్స్ యాక్టులో 25, 27 సెక్షన్లు, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 23). మా తీర్పులో ఆ ఒప్పుకోలునే మూడుచోట్ల రాశారు. ఇక దొరికిందన్న ఫోను సంగతి: పంచనామాలో మా ఇంటి వెనక కొట్టంలో అని ఉంది, పంచుగా, అంటే పంచనామాకి సాక్షిగా, సంతకం పెట్టిన వీఆర్వో క్రాస్ ఎగ్జామినేషన్‌లో (మా వైపు లాయరు ప్రశ్నలేసినప్పుడు) మాత్రం తను ఆ ఇంటికి వెళ్లనే లేదని, స్టేషన్‌లోనే సంతకం చేశానని చెప్పాడు. ఒక్క లైను! కింది కోర్టు తీర్పులో దాని ఊసే లేదు. ఫోన్ టవర్ లొకేషన్ కాగితాలకి 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టాలంటే పాత ఎవిడెన్స్ యాక్టు ప్రకారం జతచేయాల్సిన ధ్రువపత్రం) కూడా లేదు, అది తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఈ రెండూ పోతే కేసులో మిగిలింది ఊళ్లోవాళ్ల అనుమానమే. 2023లో అప్పీలు గెలిచాం.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య గుర్తుందా? 14 ఏళ్ల శిక్ష పడిన కుర్రాడిని 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా తేల్చింది, అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. లక్ష రూపాయలు ఇవ్వమన్నారు. చనిపోయిన అమ్మాయి తల్లే ఇతను కాదని అంటూ వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు మా ఇంటికీ ఇలాంటిది వస్తుందని అనుకోలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా శిక్ష పడితే తీర్పు కాపీ ఆ రోజే ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. యావజ్జీవం కేసైతే పదేళ్ల అనుభవం ఉన్న లాయరును అడగండి, 2019లో సుప్రీంకోర్టు చెప్పిందే. 15100కి ఫోన్ చేస్తే ఆఫీసు ఎక్కడో చెప్తారు. పంచనామా, వీఆర్వో సాక్ష్యం రెండూ పక్కపక్కన పెట్టి చదివారా అని మీ లాయరును మొదటి రోజే అడగండి.