తెల్ల కారు మీది తుప్పు చుక్కలకు ఐరన్ రిమూవర్: ఏది కరుగుతుంది, ఏది కరగదు

తెల్ల రంగు కారును బాగా కడిగి ఆరనిచ్చాక దగ్గరగా వంగి చూస్తే బానెట్ మీద, డిక్కీ తలుపు మీద, చక్రాల వెనుక భాగంలో సూదిమొనంత నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. షాంపూతో ఎంత రుద్దినా అవి పోవు. వాటిని చూడగానే బాడీ రేకు తుప్పు పడుతోందని భయపడేవారే ఎక్కువ. ఈ చుక్కల కోసమే అమ్మే ఐరన్ రిమూవర్‌ను నా కారు మీద పల్చని స్ప్రేగానూ, చిక్కని జెల్‌గానూ వాడి చూశాను. అది మంచి మందే. అయితే అది కుదిర్చే జబ్బు ఒక్కటే. దాన్ని సరిగా గుర్తించకుండా కొన్నవారికి డబ్బూ శ్రమా రెండూ వృథా అవుతాయి.

బ్రేకు వేసిన ప్రతిసారీ పోత ఇనుముతో చేసిన డిస్కు ప్యాడ్ల రాపిడికి అరిగి, సన్నని ఇనుప రజను వేడిగా గాలిలోకి లేస్తుంది. రైలు పట్టాల పక్కన, వెల్డింగు, గ్రైండింగు పనులు జరిగే చోట నిలిపే కార్ల మీద ఈ రజను మరింతగా పడుతుంది. ఆ రేణువులు పెయింటు పైపొర అయిన క్లియర్ కోట్‌లో దిగబడి, తేమ తగిలాక తుప్పు పట్టి చుట్టూ మరక దించుతాయి. అంటే తుప్పు పట్టింది కారు రేకు కాదు, బయటి నుంచి వచ్చి కూర్చున్న ఇనుము. సందేహం ఉంటే బంపర్‌ను చూడాలి. నేటి కార్లలో చాలావాటికి బంపర్ పైకవచం ప్లాస్టిక్‌తో చేసినది, ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. అక్కడ కూడా అవే చుక్కలు కనిపిస్తే అవి బయటి నుంచి వచ్చి పడినవేనని తేలిపోతుంది. కంటికి ఆనకపోయినా పల్చని ప్లాస్టిక్ సంచిని వేళ్లకు తొడుక్కుని, కడిగిన పెయింటు మీద మెల్లగా నిమిరితే గరుకుదనం స్పష్టంగా తెలుస్తుంది. నల్ల కార్ల మీద ఈ పరీక్షే ఆధారం, ఎందుకంటే వాటి మీద చుక్కలు ఉన్నా కంటికి కనిపించవు.

ఐరన్ రిమూవర్‌లో పనిచేసే పదార్థం సాధారణంగా అమ్మోనియం లేదా సోడియం థయోగ్లైకోలేట్. అది దిగబడిన ఇనుముతో కలిసి, నీటితో కొట్టుకుపోయే ఎరుపు కలిసిన ఊదా రంగు పదార్థంగా మారుతుంది. నీడలో, చల్లగా ఉన్న బాడీ మీద చల్లిన కాసేపటికే చుక్కచుక్కగా ఊదా రంగు తేలి, ధారలుగా కిందికి జారుతుంది. తలుపుల కింది భాగంలోనూ వెనుక బంపర్ మీదా ఈ ధారలు ఎక్కువగా కనిపించాయి. కడిగి చూస్తే చిన్న చుక్కలు ఆనవాలు లేకుండా పోయాయి, పెద్దవి లేత మరకగా మిగిలాయి. మళ్లీ చల్లి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో బలం పెట్టకుండా కదిపి కడిగితే వాటిలోనూ చాలా భాగం పోయింది. ఏ రుద్దుడూ లేకుండా ఇంత పని జరగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. ఎందుకంటే క్లియర్ కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే, అంటే మామూలు కాగితం మందంలో సగమే. ఒకసారి అరిగిన పొర తిరిగి రాదు.

ఈ కారణంగానే చుక్కల మీద రబ్బింగ్ కాంపౌండ్ (పెయింటును అరగదీసే గరుకు పేస్టు) పెట్టి గట్టిగా రుద్దడాన్ని నేను ఒప్పుకోను. పైకి కనిపించే తల తెగి, లోపలి ఇనుము అలాగే ఉండిపోతుంది, కొద్దికాలానికి చుక్క మళ్లీ తేలుతుంది. ఇనుప పీచుతో రుద్దడం మరీ ప్రమాదం: గీతలు పడటమే కాక, ఆ పీచు ముక్కలే పెయింటు మీద మిగిలి కొత్త తుప్పుకు కారణమవుతాయి. పెయింటులో దిగబడిన రేణువులను లాగేసే బంకమన్ను లాంటి ముద్ద, క్లే బార్, మంచి సాధనమే, కానీ దాని వంతు ఐరన్ రిమూవర్ తరువాత రావాలి. ముందు రసాయనంతో ఇనుమును కరిగించి, ఆ తరువాత జారుడునిచ్చే ద్రవం (లూబ్రికెంట్) బాగా చల్లి క్లేను తేలికగా జరిపితే, మిగిలిన మొండి రేణువులు దానికి అంటుకుని వస్తాయి. ముదురు రంగు మెత్తని పెయింటు మీద క్లే సన్నని గీతలు వదలవచ్చు కాబట్టి, అలాంటి కారుకు తరువాత పాలిష్ అవసరం పడవచ్చు. కింద పడిన క్లే ముక్కను మళ్లీ వాడకూడదు, దానికి అంటిన ఇసుక పెయింటును కోస్తుంది.

లోపాల విషయానికి వస్తే మొదటిది వాసన. గంధకం వాసన గుప్పుమంటుంది, కలిపిన సుగంధం దాన్ని కప్పలేదు. జుట్టును ఉంగరాలు తిప్పే మందుల్లోనూ వెంట్రుకలు తొలగించే క్రీముల్లోనూ వాడే పదార్థాల కుటుంబమే ఇది. చర్మానికి పడకపోవచ్చు కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి. రెండవది, బాడీ మీద ఆరనివ్వకూడదు. ఆరితే మరక పడుతుంది. అందువల్ల ఎండలోనూ వేడి బానెట్ మీదా వాడకుండా, ఒక్కో భాగాన్నే తడిపి, సీసా మీద రాసిన నిమిషాల్లోపు ధారాళంగా నీళ్లు కొట్టి కడగాలి. మూడవది, ఊదా రంగును చూసి మోసపోకూడదు. రంగు తేలిందంటే ఇనుము ఉందని మాత్రమే అర్థం, మొత్తం పోయిందని కాదు. పని పూర్తయిందో లేదో సంచి తొడిగిన వేళ్లే చెబుతాయి. తారు చుక్కల మీదా చెట్టు జిగురు మీదా ఈ మందు పనిచేయదు.

కొన్ని సీసాల మీద తుప్పును తొలగిస్తుందని స్థూలంగా రాసి ఉండటం నాకు అసలు నచ్చలేదు. రాయి తగిలి పెయింటు లేచిన చోట రేకుకే తుప్పు పట్టి ఉంటే, లేదా పెయింటు కింద బుడగలా ఉబ్బి ఉంటే, ఐరన్ రిమూవర్ వల్ల ప్రయోజనం లేదు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, అది పెయింటును లోపలి నుంచి లేపుకుంటూ పక్కలకు పాకుతుంది. అక్కడ తుప్పును మెరిసే రేకు కనిపించే దాకా గీకి, ప్రైమర్ వేసి, టచప్ రంగు, దాని మీద క్లియర్ వేయాలి. ఉబ్బు పెద్దదైతే పెయింటు షాపు పని అది. చుక్క మధ్యలో గుంట ఉందా, అంచు లేచిందా అని వేలి గోటితో తడిమి చూసిన తరువాతే మందు కొనాలి.

పల్చని స్ప్రే చక్రాలకూ బానెట్‌కూ సరిపోయింది. తలుపుల మీద మాత్రం అది పని మొదలుపెట్టకముందే జారిపోయింది. జెల్ అక్కడే అంటుకుని ఉండి, తక్కువ మందుతో ఎక్కువ చుక్కలను కరిగించింది. ఇంటి దగ్గర కారు కడుక్కునేవారు జెల్‌నే కొనాలని నా సలహా. ఈ పని చేసిన తరువాత పెయింటు మీద పాత వ్యాక్స్ మిగిలి ఉంటుందని నమ్మలేము కనుక, అదే రోజు కొత్తగా వ్యాక్స్ గానీ సీలెంట్ (వ్యాక్స్ లాగే పెయింటును కాపాడే కృత్రిమ పూత) గానీ పూయాలి. రజను పడటాన్ని అది ఆపదు, కానీ రేణువులు అంత లోతుగా పట్టుకోవు, తరువాతి కడుగుడులో తేలికగా వదులుతాయి.