డి.ఎల్.ఎడ్. రెండేళ్లు: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తేలిపోతుంది

డి.ఎల్.ఎడ్. అంటే ప్రాథమిక బడి టీచర్ల డిప్లొమా. ఊళ్లలో ఇప్పటికీ దీన్ని టీటీసీ అనే అంటారు. ఇంటర్ అయ్యాక డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరే రెండేళ్ల కోర్సు. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి, ఎస్జీటీ (సర్కారు బడిలో ప్రాథమిక తరగతుల టీచరు) కావాలంటే మన దగ్గర దాదాపు ఇదే దారి.

చేరేవాళ్లలో ఎక్కువమంది లెక్క సూటిగానే ఉంటుంది: సొంత జిల్లాలో సర్కారీ కొలువు. డీఎస్సీ (సర్కారీ టీచర్ల నియామక పరీక్ష) పోస్టుల్లో తెలంగాణలో 95 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎక్కువ భాగం స్థానికులవే. ఆ లెక్కతో చేరడం తప్పేమీ కాదు. కాకపోతే కోర్సు నచ్చేదీ నచ్చనిదీ అక్కడే తేలుతుంది. ఉద్యోగం కోసమే వచ్చినవాళ్లకు ఇంటర్న్‌షిప్, అంటే బడికెళ్లి పాఠాలు చెప్పడం, కాలయాపనలా కనిపిస్తుంది. నిజానికి ఈ రెండేళ్లలో అసలు సరుకంతా అందులోనే ఉంది.

ఒక్క తీసివేత చూడండి. 52లోంచి 27 తీసేయమంటే రెండో తరగతి పిల్లాడు 35 అని రాస్తాడు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసి 5 వేస్తాడు. ఐదులోంచి రెండు పోతే 3. జవాబు తప్పే గానీ వాడికంటూ ఓ పద్ధతి ఉంది. 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో' అని ఎన్నిసార్లు చెప్పినా ఆ పద్ధతి వదలడు. 52 చీపురుపుల్లలు ఇచ్చి, పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టించి రబ్బరు బ్యాండ్లు వేయించాలి, రెండు విడిగా ఉంచాలి. ఇప్పుడు 27 ఇమ్మని అడిగితే, ఏడు ఇవ్వడానికి చేతిలో విడి పుల్లలు రెండే. కాసేపు అటూ ఇటూ చూసి ఓ కట్ట విప్పుతాడు. నాలుగు కట్టలు, 12 పుల్లలు అవుతాయి. ఇచ్చేశాక రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. ఆ బ్యాండు పిల్లాడే విప్పాలి. టీచరు విప్పి చూపిస్తే బోర్డు మీద చెప్పినదానికీ దీనికీ తేడా ఉండదు.

ఇంటర్న్‌షిప్ బడిలో దారి చూపే మంచి మెంటార్ టీచరు దొరికితే ఇలాంటివి వారానికి రెండు మూడు చేతికొస్తాయి. దొరక్కపోతే మిగిలేది రికార్డులు. సీనియర్ల పీరియడ్ పథకాలు తేదీలు మార్చి దించేయడం చాలా కాలేజీల్లో మామూలే. ప్రాక్టికల్స్ రోజుకు బోధన సామగ్రి కొట్లో కొనుక్కొస్తారు. అందులో పదుల కట్టలు థర్మకోల్ అట్టకు ఫెవికాల్‌తో అంటించి ఉంటాయి. విప్పడానికే రావు!

ఇంకో పెద్ద లోటు బహుళ తరగతి బోధన, అంటే ఒకే టీచరు ఒకేసారి రెండు మూడు తరగతులు చూసుకోవడం. పథకాలన్నీ ఒక టీచరు, ఒక తరగతి, 45 నిమిషాలు అన్న లెక్కలో రాయిస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు టీచర్లు ఇద్దరే, తరగతులేమో ఐదు. ఒకటి, రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టి, మూడో తరగతికి రాతపని ఇచ్చి, మళ్లీ పది నిమిషాలకు వాళ్ల దగ్గరికి వెళ్లడం ఎలాగో ఇక్కడ సరిగా నేర్పరు. కొలువులో చేరాక మొదటి నెల ఎక్కువమంది తడబడేది దీని దగ్గరే.

పరీక్షల మాటకొస్తే, టీచర్ అర్హత పరీక్ష అయిన టెట్‌లో ప్రాథమిక తరగతులకు రాసే పేపర్-1 150 మార్కులు. జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. సైకాలజీ, మెథడాలజీ వరకు కోర్సు పాఠాలు నేరుగా అక్కరకొస్తాయి. కంటెంట్‌కు మాత్రం బడి పుస్తకాలు మీరే తిరగేయాలి.

ప్రభుత్వ డైట్‌లో (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) సీటొస్తే ఆలోచించకుండా చేరొచ్చు: నా మార్కులు ఐదుకు నాలుగు. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టేముందు రెండో ఏడాది విద్యార్థుల్ని పక్కకు పిలిచి అడగండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపారు, అక్కడ వరుసగా ఎన్ని రోజులున్నారు, పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసిందెవరు? 'సంతకాలు పెట్టించుకుంటే చాలు, రోజూ వెళ్లక్కర్లేదు' అన్నారంటే ఆ కాలేజీకి ఐదుకు ఒకటే.