హోటల్ లిఫ్ట్‌లో ఇరుక్కుంటే బయటికొచ్చాక దేని మీదా సంతకం పెట్టకండి

పోయిన నెల అమ్మ, నేను ఒక హోటల్ లిఫ్ట్‌లో 50 నిమిషాలు ఇరుక్కుపోయాం. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి హోటల్ పేరు రాయడం లేదు. ఆ 50 నిమిషాల సంగతి ఎలా ఉన్నా, బయటికొచ్చాక పది నిమిషాల్లో నేను చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల ఇప్పటికీ తిప్పలు పడుతున్నాను.

తెల్లవారుజామున 5 గంటలకు గది ఖాళీ చేసి రైలుకు బయల్దేరాం. నాలుగో అంతస్తు దగ్గర లైట్లు పోయాయి, లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాం. కరెంటు పోయినా కొన్ని లిఫ్టుల్లో బ్యాటరీతో పనిచేసే పరికరం ఒకటి ఉంటుంది. అది లిఫ్ట్‌ను మెల్లగా దగ్గర్లోని అంతస్తుకు చేర్చి తలుపులు తీస్తుంది. మా లిఫ్ట్ కదల్లేదు. లోపల ఎమర్జెన్సీ లైటు కూడా వెలగలేదు. ఫోన్ టార్చి వేస్తే అమ్మ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది.

అలారం బటన్ నొక్కితే గంట మోగుతోంది, మాకు బాగానే వినిపిస్తోంది. కానీ కింద వినేవాళ్లు లేరు. ఇంటర్‌కామ్‌లో చప్పుడే లేదు. అత్యవసర నంబరని గోడకు అంటించిన స్టిక్కర్‌లో సగం అంకెలు చెరిగిపోయాయి. చివరికి గది కార్డు పెట్టిచ్చిన కవరు మీద రిసెప్షన్ నంబరు కనిపించింది. నాలుగోసారి చేస్తే ఎత్తారు. "రెండు నిమిషాలు మేడం" అన్నారు. అదే మాట తర్వాత మూడుసార్లు విన్నాను.

అమ్మకు బీపీ ఉంది. "గాలి ఆడట్లేదే, ఇది కిందకి పడిపోతుందేమో" అని ఒకటే టెన్షన్. నాకు తెలిసింది ఆమెకు చెబుతూ కూర్చున్నాను. లిఫ్ట్ పెట్టె గాలి చొరబడని డబ్బా కాదు, గాలి వచ్చే సందులు ఉంటాయి. తాళ్లతో నడిచే లిఫ్ట్ ఒక్క తాడు మీద వేలాడదు. ఒకవేళ వేగంగా కిందికి జారినా, పట్టాలను కరిచి పట్టుకుని ఆపే బ్రేకులు వేరే ఉంటాయి. ఎలీషా ఓటిస్ అనే ఆయన 1854లో న్యూయార్క్‌లో జనం ముందు తను నిలబడ్డ లిఫ్ట్ తాడు తెగ్గొట్టించి మరీ అలాంటి బ్రేకును చూపించాడు. ఈ కథ చెబితే అమ్మ "ఆయన సంగతి సరే, మన సంగతి చూడు" అంది. అదీ నిజమే.

25 నిమిషాలకు ఒక కుర్రాడు వచ్చి నాలుగో అంతస్తు తలుపును ఇనుప రాడ్డుతో పక్కకు నెట్టాడు. లిఫ్ట్ నేల అతని ఛాతీ ఎత్తులో ఉంది. "కాళ్లు కిందికి వేసి జారండమ్మా, నేను పట్టుకుంటా" అన్నాడు. అమ్మ సిద్ధపడిపోయింది. నేను చేయి పట్టుకుని ఆపేశాను. లిఫ్ట్ నేల కింద ఉన్న ఆ ఖాళీ నేరుగా షాఫ్ట్‌లోకే, అంటే లిఫ్ట్ పైకీ కిందికీ తిరిగే నిలువు గొయ్యిలోకే తెరుచుకుని ఉంటుంది. జారేటప్పుడు కాళ్లు లోపలి వైపు ఊగితే నాలుగు అంతస్తుల కింద తేలతాం. మనం సగం బయట, సగం లోపల ఉన్నప్పుడు లిఫ్ట్ కదిలినా అంతే. ఆగిపోయిన లిఫ్ట్‌లో కూర్చున్నవాళ్లకు ఏమీ కాకపోవచ్చు, ఇలా పాక్కుంటూ బయటపడబోతేనే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత కంగారుగా ఉన్నా ఆ పని మాత్రం చేయకండి.

తర్వాత మెకానిక్ వచ్చాడు. పైన మెయిన్ స్విచ్ ఆపేసి, బ్రేకును చేత్తో వదులుతూ లిఫ్ట్‌ను అంతస్తుకు సమానంగా దించి, తలుపు తాళంచెవితో తీశాడు. అతనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొస్తుంటే మేనేజర్‌తో అతను అన్న మాట నా చెవిన పడింది: "బ్యాటరీ మార్చాలని పోయిన సర్వీసులోనే రాసిచ్చాం కదండీ."

మొత్తం కేసు ఆ ఒక్క మాటలోనే ఉందని నాకప్పుడు తట్టలేదు. రైలు వెళ్లిపోయింది, అమ్మ కాళ్లు వణుకుతున్నాయి. మేనేజర్ కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఈసారి వచ్చినప్పుడు ఒక రాత్రి ఉచితంగా ఉండండి మేడం" అని కూపన్ చేతిలో పెట్టాడు. కూపన్ అందినట్టు సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చాడు. పెట్టేశాను. ఆ కాగితం అడుగున ఇంకో వాక్యం ఉందట: ఈ సంఘటనకు సంబంధించి ఇక ఏ క్లెయిమూ లేదు, పూర్తిగా సంతృప్తి చెందాను అని. పదకొండు రోజుల తర్వాత నా మెయిల్‌కు జవాబుగా దాని ఫొటో పంపారు.

మీకు ఇలా జరిగితే కూపనైనా, రీఫండైనా, ఏమిచ్చినా సరే, "తర్వాత మెయిల్‌లో మాట్లాడుకుందాం" అని వచ్చేయండి. వాళ్లు సంతకం తప్పదంటే, ఆ వాక్యం కొట్టేసి, పక్కన "నా హక్కులు వదులుకోవడం లేదు" అని రాసి, మీరూ ఒక ఫొటో తీసుకోండి. మర్యాదగా మాట్లాడుతున్నారు కదా అని చదవకుండా సంతకం పెట్టేది మనమే. తప్పు వాళ్లదొక్కళ్లదే అనలేను.

సీసీ కెమెరా ఫుటేజీ అడిగితే "పాతది చెరిగిపోయింది" అన్నారు. చాలాచోట్ల రికార్డింగు కొన్నాళ్లకే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. అందుకే ఆ రోజే, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా లిఫ్ట్‌లోవి, లాబీలోవి దృశ్యాలు భద్రపరచండి అని రాతపూర్వకంగా అడగాలి. నేను మెయిల్ చేసింది తొమ్మిదో రోజున.

నన్ను కాస్త నిలబెట్టింది ఫోన్. రిసెప్షన్‌కు చేసిన కాల్స్ అన్నీ సమయాలతో సహా కాల్ లాగ్‌లో ఉన్నాయి. ఎంతసేపు ఇరుక్కున్నామో దాంతోనే తేలింది. లోపల ఉన్నప్పుడు అక్కకు పంపబోయిన మెసేజ్‌లు, చెరిగిన స్టిక్కర్‌కు యథాలాపంగా తీసిన ఫొటో కూడా పనికొచ్చాయి. అదే రోజు అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, బీపీ ఎంత ఉందో చీటీ మీద రాశారు. లిఫ్ట్‌లో ఇరుక్కున్నారని కూడా రాయమని అడిగి రాయించుకున్నాను. మానసిక వేదనకు పరిహారం అడగాలంటే అలాంటి కాగితమే ఆధారం. "చాలా భయపడ్డాం" అని నెల తర్వాత మెయిల్‌లో రాస్తే ఎవరూ పట్టించుకోరు.

బుకింగ్ యాప్ వాళ్లను అడిగితే హోటల్‌ను అడగమన్నారు. హోటల్‌ను అడిగితే లిఫ్ట్ చూసే కంపెనీని అడగమన్నారు. నాకు తెలిసిన లాయరు నవ్వి, "మీరు డబ్బు కట్టింది హోటల్‌కి, ఆ కంపెనీతో లెక్కలు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు, మీరు హోటల్‌నే అడగండి" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. లిఫ్ట్ ఆగిపోవడమే నేరం కాదు, యంత్రం అన్నాక ఆగుతుంది. బ్యాటరీ పోయిందని తెలిసీ మార్చలేదు, అలారం మోగితే పలికేవాళ్లు లేరు, శిక్షణ లేనివాళ్లతో రాడ్డు పెట్టి తీయించారు. వీటి మీద నిలబడమన్నారు. అందుకే లిఫ్ట్ సర్వీస్ రిపోర్టుల కాపీలు ఇమ్మని, హోటల్‌కు లాయరు ద్వారా పంపిన నోటీసులోనే అడిగాం. ఇంతవరకు ఇవ్వలేదు.

అడిగిన మొత్తం గురించి. మొదట కోపంలో నోటికొచ్చిన అంకె వేశాను. లాయరు దాన్ని కొట్టేసి, గది అద్దె, పోయిన టికెట్లు, మళ్లీ కొన్న టికెట్లు, డాక్టర్ ఖర్చు విడివిడిగా బిల్లులతో రాయించి, మానసిక వేదనకు వేరేగా ఒక మోస్తరు మొత్తం వేయించారు. నోటీసు అందిన వారానికి గది అద్దె, టికెట్ల డబ్బు తిరిగి వేశారు. ఈసారి వేరే కాగితం పంపారు సంతకానికి. పెట్టలేదు.

మిగతాదాని కోసం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. ఆ మొదటి సంతకం ఎంతవరకు అడ్డొస్తుందో అక్కడే తేలాలి. ఏం తేలినా ఇక్కడే రాస్తాను. సర్వీస్ రిపోర్టులు ఎలాగైనా రప్పించిన అనుభవం ఎవరికైనా ఉంటే కింద చెప్పండి, నాకిప్పుడు కావలసింది అదే.