చర్మానికి పొట్లాల మందు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

మా నాన్నకి పన్నెండేళ్లుగా సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, నడుము మీద పొలుసులు. పోయినేడాది వాటి పక్కనా, బాగున్న చర్మం మీదా నీళ్ల బొబ్బలు లేచాయి, ఒకటే దురద. అది బులస్ పెంఫిగాయిడ్ అనే బొబ్బల జబ్బని, సోరియాసిస్, ఇదీ రెండూ ఒకే మనిషికి రావడం అరుదే గానీ లేకపోలేదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఫోన్లో వీడియో చూసి, "ఏ చర్మవ్యాధికైనా ఒకే మందు, అంతా మూలికలే" అన్నాయన దగ్గర రెండు నెలల కోర్సు తెప్పించాం. 6,800 రూపాయలు.

వచ్చినవి తెల్ల కాగితం పొట్లాలు, ఒక పైపూత డబ్బా. డబ్బా మీద ఆకు బొమ్మ, సెల్ నంబరు, అంతే. లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ లేదు, ఏం కలిపారో లేదు. ఆయుర్వేద మందుకైనా ఇవి లేబుల్ మీద ఉండి తీరాలి.

పనిచేయలేదా అంటే, బ్రహ్మాండంగా పనిచేసింది! పదిరోజుల్లో దురద పోయింది, బొబ్బలు ఎండాయి. నాన్న బుగ్గలు నిండితే మందు ఒంటబట్టిందని అమ్మ మురిసిపోయింది. అది వాపని మాకేం తెలుసు? షుగర్ ఎరగని మనిషికి 310 వచ్చింది. భయపడి పొట్లాలు ఒక్కసారిగా మానేశాం. వారం తిరక్కుండా ఒళ్లంతా ఎర్రబడి ఆవగింజలంత చీముపొక్కులు, వాటికి తోడు బొబ్బలు. పొద్దున లేపితే వీపు తోలు దుప్పటికి అంటుకొచ్చేది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "లోపలి చెడు బయటికి కక్కుతోంది, మంచిదే, మజ్జిగ పట్టండి" అన్నాడు. తర్వాత బ్లాక్ చేశాడు.

చర్మ డాక్టరుగారు చూడగానే ఆ మందులో స్టెరాయిడ్ కలిపారన్నారు. పొద్దున తీసిన రక్తంలో కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) అట్టడుగున ఉంది. బయటినుంచి స్టెరాయిడ్ పడుతుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుందట. రెండు జబ్బుల్నీ అదే అణిచిపెట్టింది, ఆపగానే రెండూ కలిసి తిరగబడ్డాయి. బొబ్బ పక్క చర్మం ముక్క తీసి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష చేశాకే పెంఫిగాయిడ్ అని తేలింది. ఇప్పుడు మెథోట్రెక్సేట్ అనే మందు మీద ఉన్నారు, వారానికి ఒక్కరోజే (రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు).

ఇలాంటివి ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాలాగా ఉన్నపళంగా ఆపకండి. పొట్లం, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందుల దుష్ఫలితాలు చెప్పుకోడానికి ప్రభుత్వ నంబరుంది: 1800-180-3024.

నిన్న అదే వీడియో ఇంకో పేరుతో కనిపించింది. డబ్బా రంగు మార్చాడు, ఆకు బొమ్మ అదే.